ఎరుపు దిగిన బొంత

కొత్త నూలు గుడ్డను నీళ్లలో ముంచగానే గంజి వాసన లేస్తుంది. అడుగంటిన అన్నం వాసనకు దగ్గరగా, కొంచెం పుల్లగా ఉంటుంది. ఈ ఉదయం షాపు వెనుక బకెట్లో లైనింగు గుడ్డలు నానబెడుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలి, చేతులు నీళ్లలోనే ఉంచుకుని కూర్చుండిపోయాను. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనుక సందులో ఉన్న ఈ టైలరింగ్ షాపును ఇప్పుడు నేనే నడుపుతున్నాను. కాని బోర్డు మీద ఉన్నది యాదయ్య మాస్టర్ పేరు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన గురించి చెప్పడానికి మంచి మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ చెప్పి, నేను ఆయనకు చేసినది దాటేస్తే, ఇది రాయడం కూడా ఇంకో అబద్ధమే అవుతుంది.

ఆయన దగ్గరకు వచ్చేనాటికి నాకు ముప్పై రెండేళ్లు. అంతకు ముందు ఆరేళ్లు హయత్‌నగర్‌లో రెడీమేడ్ షర్టులు కుట్టే చోట పని చేశాను. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగం. నాది కాలరు. అది మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చి పని అడగడానికి మాస్టర్ ముందు నిలబడ్డాను. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. మెడలో టేపు, చెవి వెనుక సుద్దముక్క.

"ఇన్నేండ్లు ఏం కుట్టినవ్‌రా శ్రీశైలం?" అని అడిగాడు.

"కాలర్లు మాస్టర్."

"వట్టి కాలర్లేనా? మరి మనిషేడ వోయిండు?"

ఆయనే నవ్వి, "మంచిగనే ఉన్నది తీ. మెడకాయ కాంచి మొదలువెట్టినవ్, కాళ్ల దాక వోదాం," అన్నాడు. అన్నట్టే నేర్పాడు. రెండేళ్లలో జాకెట్టు, లంగా, ప్యాంటు, పిల్లల గౌన్లు అన్నీ నేర్పాడు. తప్పు కుడితే తిట్టేవాడు కాదు. కుట్టు విప్పే చిన్న కత్తి నా ముందు పెట్టి తన పనిలోకి పోయేవాడు. అది తిట్టు కన్నా గట్టిగా తగిలేది.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. నూలు గుడ్డ ఏదైనా సరే, ఉతికాక కుంచించుకుపోకుండా, దొడ్డుప్పు వేసిన నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టిన తరువాతే కత్తెర పెట్టాలి. ముదురు రంగైతే తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డ పెట్టి రుద్దేవాడు. తెల్లగుడ్డకు రంగు అంటితే మళ్లీ నీళ్లలోకే. అది అంటకుండా వచ్చేదాకా ఎన్ని నీళ్లైనా మార్చేవాడు. సందులో మిగతా టైలర్లు ఇంత చేసేవాళ్లు కాదు. తొందరలో ఉన్న ఆడవాళ్లు ఆయనతో కొట్లాడేవారు.

"మాస్టర్, రేపు పెండ్లికి వోవాలె. నానవెట్టకుంటనే కుట్టియ్యరాదే," అని ఒకామె ఒకసారి పట్టుబట్టింది.

"కుడ్త అక్కా. గని ఉతికినంక గది తొడుక్కుంటె ఊపిరి వీల్చకు మరి," అన్నాడు ఆయన. ఆమె నవ్వుతూ తిట్టుకుంటూ గుడ్డ అక్కడే పెట్టి పోయింది. నాకు మాత్రం ఆ బకెట్లు, ఆ తీగల మీద ఆరవేతలు వృథా శ్రమగానే కనిపించేవి. హయత్‌నగర్‌లో మేము గుడ్డ తాను విప్పి నేరుగా కోసేవాళ్లం. ఆ గర్వం నాలో పోలేదు. పైకి అనేవాణ్ణి కాదు, అంతే.

ఒక వానాకాలం సాయంత్రం ఆదిభట్ల ఆఫీసులో పని చేసే ఒక మేడం షాపుకు వచ్చింది. విజయవాడ వైపు మనిషి. ఇక్కడే అద్దెకు ఉంటూ మా దగ్గరే జాకెట్లు కుట్టించుకునేది. ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నిప్పు మంటలా, నీటి అలలా రంగులు లేచి పడుతున్న బొంత. "దీన్ని బార్జెల్లో అంటారండి. మా అక్కకు నెలలు నిండుతున్నాయి. బారసాలకు ఇది ఇద్దామని నా ఆశ. మీరు కుట్టగలరా?" అని అడిగింది.

మాస్టర్ ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరం జరిపి, మళ్లీ దగ్గరకు తెచ్చుకున్నాడు. అప్పటికి ఆయన ఎడమ కంటికి పొర వస్తోంది. ఆపరేషన్ ఎండాకాలంలో చూద్దాం అంటూ వాయిదా వేస్తున్నాడు. "మన పెద్ద చెర్వు మీద గాలి లేసినట్టున్నది బిడ్డా. ఎన్నడు కుట్టలే. కుడ్తం," అన్నాడు. మాస్టర్ భార్య అంజమ్మను నేను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. టీ తెచ్చి ఆమె కూడా తొంగి చూసింది. "గిది మన బొంతనే గద. జర నకరాలున్న బొంత," అంది. అందరం నవ్వాము.

ఆ పద్ధతి చూడటానికి ఉన్నంత కష్టం కాదు, కాని ఓపిక తినేస్తుంది. మేడం తొమ్మిది రంగుల గుడ్డలు తెచ్చింది. తెలుపుతో మొదలై, లేత గులాబీ, ముదురు గులాబీ అలా చిక్కబడుతూ చివరికి రక్తమంత ఎరుపు. వాటిని ఒకే వెడల్పు పట్టీలుగా కోసి, వరసగా కుట్టి, ఒక పెద్ద చారల గుడ్డ చేయాలి. దాని మొదటి పట్టీని చివరి పట్టీకి కలిపి కుడితే గొట్టంలా అవుతుంది. ఆ గొట్టాన్ని అడ్డంగా, గాజుల్లా కోయాలి, కొన్ని సన్నం, కొన్ని వెడల్పు. ఒక్కొక్క గాజును ఒక్కొక్క రంగు దగ్గర విప్పి పక్కపక్కన కలిపితే, రంగు ఒక్కో మెట్టు ఎక్కుతూ దిగుతూ అల అవుతుంది. కుట్టు ఎక్కడ నూలుపోగంత జరిగినా ఆ తప్పు పక్క గాజుకు, దాని పక్కదానికి పాకిపోతుంది.

మొదటిసారి నేను కలిపిన ముక్క చూసి మాస్టర్ చేత్తో తడిమాడు. "గిది అల గాదురా. మనూరికి వొయ్యే రోడ్డు," అన్నాడు. తప్పు ఎక్కడుందో ఆయనే కనిపెట్టాడు. జాకెట్లు కుట్టీ కుట్టీ, తరువాత వదులు చేసుకోవడానికి లోపల కొంచెం గుడ్డ ఎక్కువ వదిలే అలవాటు నా చేతికి పట్టుకుంది. ఒకచోట వేలెడు, ఒకచోట అరవేలు. "జాకెట్ల లోపట గుడ్డ ఇడుస్తం, మనిషి పెరుగుతది గావట్టి. బొంత పెరగదిరా," అన్నాడు. ఒక పాత పెండ్లి పత్రిక అట్టను సన్నగా కోసి మిషను మీద సూది పక్కన అతికించాడు. గుడ్డ అంచు దానికి ఆనుకుని పోతే కుట్టు అంతటా ఒక్కతీరుగా వస్తుంది. నేను కుట్టినదంతా ఇద్దరం కూర్చుని విప్పాము. ఒక కంటితోనే ఆయన నాకన్నా వేగంగా విప్పాడు.

రెండో వారంలో ఎర్రగుడ్డ చాలలేదు. మాస్టర్ నన్ను హయత్‌నగర్ పంపాడు. అదే రంగు దొరకలేదు, ఒక పిసరు ముదురు దొరికింది. "మూడు నీళ్లు మార్చు. ఎరుపును నమ్మొద్దు," అని చెప్పి ఆయన భోజనానికి ఇంటికి పోయాడు. బయట ముసురు. మూడు రోజులుగా తీగల మీద ఏదీ ఆరడం లేదు. ఆ సాయంత్రానికి అల పూర్తయితే ఫోటో పంపమని మేడం అడిగి ఉంది. ఆఫీసులో ఇంకా నలుగురు చూస్తామన్నారట. వాళ్లకు చూపించబోయేది నా చేతి పని అని నాలో ఒక ఉబలాటం. గుడ్డ మీద కాసిని నీళ్లు చిలకరించి, వేడి ఇస్త్రీ పెట్టి, పట్టీలు కోసేశాను.

మాస్టర్ వచ్చి ఒక ఎర్రపట్టీని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"గంజి వోనట్టున్నదేందిరా?"

"ఇస్త్రీ గట్టిగ వెట్టిన మాస్టర్. మూడు నీళ్లు మార్చిన."

"తెల్లగుడ్డ రుద్దినవా?"

"రుద్దిన."

ఆయన పట్టీని ఇంకొకసారి నలిపాడు. "గట్లనా," అని మిషను ముందు కూర్చున్నాడు. ఆయన వేళ్లకు నిజం తెలిసిపోయింది. నా మాట విని, తన వేళ్లను పక్కన పెట్టాడు.

మిగతాది చిన్నమ్మ చేసింది. అల కింద పలుచటి దూది పొర, దాని కింద మెత్తని పాత చీర పరిచి, మూడు పొరలూ కదలకుండా చేతి కుట్టు వేసింది. పదిహేను రోజులు, పనులన్నీ అయ్యాక గడపలో కూర్చుని, అల ఎటు వంగితే అటే సూదిని వంచుతూ కుట్టింది. మేడం వచ్చి బొంతను చూసి చేతులు జోడించింది. నేను ముందుకొచ్చి ఎలా కోశానో, ఎలా కలిపానో చెప్పాను. ఉతికినా రంగు పోదన్నాను. మాస్టర్ వెనుక నిలబడి తల ఊపుతూ విన్నాడు. "మంచిగ జేసిండు మేడం, పిలగాడు," అన్నాడు.

నాలుగో రోజు ఆమె మళ్లీ వచ్చింది. పసిబిడ్డకు వేసేది కదా అని ఒకసారి ఉతికిందట. సంచిలోంచి తీసి మా కోత బల్ల మీద పరిచింది. ఎరుపు దిగి తెలుపంతా కప్పేసింది. అల ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ తగ్గుతుందో తెలియడం లేదు. చిన్నమ్మ వేసిన తెల్లదారం కుట్లు మాత్రం గులాబీ రంగు ఎక్కి గీతలు పడ్డట్టు కనిపిస్తున్నాయి.

"ఎల్లుండే బారసాల. రంగు పోదని మీరే కదండీ చెప్పారు?" అంది. షాపులో జాకెట్ల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూడా లేచి వచ్చి చూశారు. నలుగురి కళ్లూ నా మీద పడ్డాయి. అప్పుడు నేను అన్న మాట ఇది. తడుముకోలేదు, ఆలోచించలేదు, నోట్లో సిద్ధంగా ఉన్నట్టే వచ్చింది.

"ఎర్రగుడ్డ మాస్టర్ నానవెట్టిండు మేడం. ఆయినకు కండ్లు సక్కగ కనవడ్తలేవు. రంగు వోయిందా లేదా సూస్కోలేదు."

మాస్టర్ బల్లకు అటువైపే ఉన్నాడు. చేతిలో కత్తెర ఉంది. నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు ఇప్పుడు కొంత తేలికగా ఉండేదేమో. కొత్తగా వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. తరువాత మేడం వైపు తిరిగి, "అవ్ బిడ్డా. తప్పు నాదే. కండ్లు మోసం జేసినయ్," అన్నాడు. కత్తెరను బల్ల మీద నా వైపు పెట్టి లోపలికి పోయాడు.

ఆ రోజే చెప్పవలసింది. మేడం సందు చివర దాకా కూడా పోలేదు, పరుగెత్తినా అందేది. మాస్టర్ వెనుక గదిలోనే ఉన్నాడు, నాలుగడుగులు. నేను బల్ల మీది దారపు ముక్కలు ఏరుతూ నిలబడ్డాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపుకు ఎప్పుడూ ఏదో ఒక పని అడ్డం వచ్చేది, లేదా నేనే తెచ్చి పెట్టుకునేవాణ్ణి.

మా సందులో మాట పాకడానికి ఒక వారం చాలు. ఆడవాళ్లు గుడ్డ ఇచ్చేటప్పుడు గొంతు తగ్గించి, "నువ్వే కొయ్యి తమ్మీ. ముసలాయినతోని కొయ్యియ్యకు," అనడం మొదలుపెట్టారు. ఆ తగ్గించిన గొంతులు కూడా వినగలిగేంత దగ్గరలో ఆయన కూర్చుని ఉండేవాడు. కాజాలు కుట్టేవాడు, హుక్కులు వేసేవాడు. మళ్లీ కత్తెర ముట్టుకోలేదు. నలభై ఏళ్లు కోసిన మనిషి. ఎండాకాలంలో కంటి ఆపరేషన్ చేయించుకుందాం రమ్మని చిన్నమ్మ అంటే, "ఇప్పుడేం కొయ్యాలెనని?" అన్నాడట. దసరా దాటాక షాపుకు రావడం మానేశాడు. ఆ తరువాతి వానాకాలంలో జ్వరం వచ్చి, దవాఖానలో ఐదు రోజులుండి పోయాడు. ఆ ఐదు రోజులూ నేను మంచం పక్కనే ఉన్నాను. రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి నర్సు వచ్చింది. ఇంకొకసారి ఎవరూ రాలేదు.

పెద్దకర్మ అయిన నెలకు చిన్నమ్మ దగ్గరకు పోయాను. తలుపు దగ్గరకు వేసి, ఆమె ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాను. నానబెట్టలేదని, అబద్ధం ఆడానని, ఆయన మీదికి నెట్టానని. ఏడ్చాను కూడా. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. చేయి ఆపలేదు.

"నాకెర్కనే," అంది. "గా రోజే చెప్పిండు. పిలగాడు బెదిరిండే, అన్నడు."

నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"తలుపెందుకేసినవ్‌రా? అన్నప్పుడు నలుగురి ముందట అన్నవ్ గద. చెప్పెటప్పుడు నా ఒక్కదానికేనా? వో. ఆడనే చెప్పు."

వెంటనే చెప్పలేకపోయాను. అందుకు కూడా మూడు నెలలు పట్టింది. ఒక శనివారం మధ్యాహ్నం షాపులో ఐదారుగురు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లలో బొంత పరిచిన రోజు అక్కడున్న ఒకామె కూడా ఉంది. మిషను ఆపి లేచి నిలబడ్డాను. ఆ బొంతకు రంగు దిగడం నా తప్పని, గుడ్డ నానబెట్టనిది నేనని, మాస్టర్ తప్పు ఏమీ లేదని చెప్పాను. గొంతు గట్టిగానే వచ్చింది. ఆమె నన్ను వింతగా చూసింది.

"ఏ బొంత తమ్మీ? నాకు యాదికి లేదు. యాదయ్యనా? పాపం, ఆఖర్ల ఆయినకు కండ్లు కనవడకుండె గద. సరే గని, నా జాకెట్ అయిందా?"

జాకెట్ తీసి ఇచ్చాను. "కనవడుతుండె అక్కా," అన్నాను. ఆమె కొలతలు చూసుకుంటూ, "ఆఁ?" అంది. "మాస్టర్‌కు మంచిగనే కనవడుతుండె. తప్పు జేసింది నేను," అని మళ్లీ అన్నాను. తల ఊపి పోయింది.

వాళ్లకు బొంత గుర్తు లేదు, మేడం గుర్తు లేదు, నేను అన్న మాట గుర్తు లేదు. ఆ మాటలోంచి పుట్టిన గుడ్డి ముసలాయన మాత్రం గుర్తున్నాడు. మేడం ఇల్లు మారి ఎటో వెళ్లిపోయింది. ఆ నంబరు ఇప్పుడు పని చేయడం లేదు. మొన్న కొంగరకలాన్ నుంచి వచ్చిన ఒకాయన బోర్డు చూసి, "యాదయ్య అంటె, చూపు వోయిన టైలరే గదా?" అని అడిగాడు. చేతిలో పని పక్కన పెట్టి, ఆయన్ను కూర్చోబెట్టి, మొదటినుంచీ చెప్పాను.