వరుసలో వెనక్కి పోయిన బిందె

హుస్సేనీ ఆలంలో మా గల్లీకి ఉన్నది ఒకే ఒక్క సర్కారు నల్లా. మా ఇంటి గడపకు ఆరడుగుల దూరంలో ఉండేది. పొద్దున ఆరింటికి నీళ్లు వచ్చి ఏడున్నరకు ఆగిపోయేవి. ఆ గంటన్నర కోసం లైను కట్టేవి మనుషులు కాదు, బిందెలు. బిందెను వరుసలో పెట్టి మనిషి ఇంట్లోకి వెళ్లి పొయ్యి రాజేసుకోవచ్చు, పిల్లలకు తల దువ్వుకోవచ్చు. ముందు బిందె నిండి లేవగానే, అక్కడున్నవాళ్లు తమ బిందెతో పాటు మనిషి లేని బిందెల్ని కూడా జానెడు ముందుకు జరపాలి. అది మా గల్లీ కానూను. ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ తప్పేవారు కాదు. కనీసం పదమూడేళ్ల వయసు దాకా నేను అలా అనుకున్నాను.

అందుకే పరాయి బిందె మీద చెయ్యి వేయడం మా దగ్గర తప్పు కాదు, మర్యాద. దొంగతనమూ మర్యాదా ఒకే చేత్తో జరిగే చోట అనుమానం రుజువు చేయడం ఎంత కష్టమో నాకు తెలిసినంతగా పోలీసులకు కూడా తెలియదు.

మా గల్లీ చివరి గదిలోకి అద్దెకు వచ్చిన మనిషిని అందరం సోడా ఆయన అనేవాళ్లం. కార్వాన్‌లో గోలీసోడా కార్ఖానా పెట్టి దివాలా తీశాడు. సీసా పేలి ఎడమచేతి చూపుడువేలి పై కణుపు పోయింది. భార్యను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని ఒక్క ట్రంకుపెట్టెతో వచ్చాడు. బిందె కూడా లేదు. చెక్కపిడి కొట్టిన నూనె డబ్బా ఒకటి తెచ్చి వరుసలో పెట్టేవాడు. ఆడవాళ్ల మధ్య మగవాడు ఒక్కడే తలవంచుకుని నిలబడుతుంటే మా బాపుకు గుండె కరిగిపోయేది. బాపు బస్సు డిపోలో మెకానిక్. కష్టపడ్డ మనిషి కనిపిస్తే చాలు, ఆయనకు నచ్చేస్తాడు.

ఆ ఏడు వానాకాలం తర్వాత ఒక రోజు అమ్మకు జ్వరం. నాకు లెక్కల పరీక్ష. ఏడుంబావు దాటేసరికి మా బిందె వరుసలో నాలుగో చోటికి వచ్చింది. బాపు డిపో నుంచి తెచ్చిన ఎర్ర రంగుతో దాని మెడ చుట్టూ గీత గీశాడు కాబట్టి వంద బిందెల్లోనైనా గుర్తుపడతాను. అమ్మకు ఇంత గంజి తాగించి బయటికి వచ్చేసరికి నాలుగో చోట నూనె డబ్బా ఉంది. డబ్బా ఉండాల్సిన ఎనిమిదో చోట మా బిందె ఉంది. కణుపు లేని ఆ వేలు అప్పుడే మా బిందె అంచు వదులుతోంది. మధ్యలోని ముగ్గురు ఆడవాళ్లు ఒకరు కొంగు సర్దుకుంటూ, ఒకరు ఆకాశం చూస్తూ, ఒకరు పక్కామె చెవిపోగులు చూస్తూ నిలబడ్డారు. నేను కూడా దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను, దొంగను నేను కాకపోయినా. మా ముందు రెండు బిందెలుండగా నీళ్లు ఆగిపోయాయి. ఎక్కడో బోరింగు కొట్టి నీళ్లు మోసి, సగం పరీక్ష అయ్యాక బడికి చేరాను.

సాయంత్రం బాపుతో చెప్పాను.

"ఊకో బిడ్డా" అన్నాడు. "లైన్ల బిందెలు జరుపుడు ఉంటదే గద. గరీబోని మీద నింద ఎయ్యద్దు."

కోపంతో ఏడుపొచ్చింది. కానీ ఊరుకున్నాను. ఆ రోజు నుంచి ఆ మనిషి ఏం చేసినా నాకు రెండు చేతులు కనిపించేవి, ఒకటి మర్యాదగా ముందుకు జరిపేది, ఒకటి దొంగతనంగా వెనక్కి నెట్టేది.

తర్వాత సోడా ఆయన రాజకీయాల్లో పడ్డాడు. అసెంబ్లీకి ఇండిపెండెంటుగా ఒకసారి నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నాడు. సిగ్గు లేకుండా రెండోసారి నిలబడి మళ్లీ పోగొట్టుకున్నాడు. ఓడిన ప్రతిసారీ బాపు దృష్టిలో ఇంకో మెట్టు ఎక్కేవాడు. మా ఇంట్లో అన్నం ముందు రోజూ ఇదే లొల్లి.

"ఆకలి తెల్సినోడే అన్నం పెడ్తడు" అనేవాడు బాపు. "నాలుగు దెబ్బలు తిన్నోనికే మంది బాధ సమజైతది."

"మీ అమ్మ తినలేదా దెబ్బలు?" అమ్మ పప్పు గిన్నె ఠంగుమని కింద పెట్టేది. "అత్త చేతుల నరకం చూసిన, నరకం చూసిన అని చెప్పుకుంటనే నాకు అదే నరకం చూపెట్టింది. కష్టం పడితే మనిషి మంచిగైతడన్నది మీ ఇంట్ల నేనైతే చూడలె."

బాపు మజ్జిగ అడిగేవాడు.

మున్సిపల్ ఎన్నికలు ఏళ్ల తరబడి లేవు. ఎనభైల నడుమ మళ్లీ పెట్టేసరికి నేను సర్కారు బడిలో టీచరును, బాపు రిటైరయ్యాడు, అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. గడప ముందు నల్లా ఉంది కాబట్టి మా సంసారం నడుస్తోంది. నేను బడికి వెళ్లే తొందరలో ఉన్నా అమ్మ గోడ పట్టుకుని రెండడుగులు వేసి ఒక బిందె పట్టుకోగలిగేది. ఆ నల్లా పోతే అమ్మ మంచానికి అంటుకుపోతుందని నాకు ఒకటే భయం.

సోడా ఆయన ఈసారి కార్పొరేటరుగా నిలబడ్డాడు. ఆటో ముందు నూనె డబ్బా కట్టుకుని గల్లీ గల్లీ తిరిగాడు. పదహారేళ్ల కింది డబ్బా ఎప్పుడో మట్టిలో కలిసి ఉండాలి. అది జుమేరాత్ బజారులో పాత సామాన్ల మధ్య కొన్నదేనని నా అనుమానం. వేలు పైకెత్తి చూపించేవాడు. "అక్కలారా, ఈ డబ్బా వట్టుకొని మీ లైన్ల నిలబడ్డోన్ని. రెండు దినాలు తిండి లేకుంట బతికినోన్ని" అన్నాడు మా గల్లీలో. చౌరస్తా సభకు వెళ్లొచ్చిన బాపు కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు, "పాపం, నాలుగు దినాలు తినలేదట." ఇంకో నెల ప్రచారం ఉంటే ఆ మనిషి ఆకలితో చచ్చిపోయి ఉండేవాడు.

కానీ ఒక రోజు ఆయన మా గడప మీద వచ్చి కూర్చున్నాడు. అమ్మ కాళ్ల వైపు చూసి, "అమ్మా, ఈ నల్లా నీ గడప ముందలికెల్లి కదలదు. నా జిమ్మ, నా పూచీ. ఫికర్ జెయ్యకు" అన్నాడు. అమ్మ కళ్లలో వెలుగు చూసి నేను మెత్తబడ్డాను. ఎదురింటి ఖాలా, బురఖాలు కుట్టే ముసలామె, "మనతో నిలబడినోడు, మనోడే" అంది. గల్లీ అంతా అదే మాట. వరుసలో నిలబడటం అందరూ చూశారు, అందులో తన వంతు కోసం ఎంతసేపు ఆగాడో ఎవరూ చూడలేదు. లోపల పురుగు తొలుస్తున్నా నేనూ ఆయన గుర్తు మీదే ముద్ర వేసి వచ్చాను.

గెలిచాడు. నిజం దాచను, మొదటి ఆరు నెలలు బాగా పనిచేశాడు. మోరీ నీళ్లు కలుస్తున్న పైపు బాగు చేయించాడు. నీళ్లు ఎనిమిది దాకా వచ్చేవి. బాపు నన్ను చూసి మీసం దువ్వుకునేవాడు. నా అనుమానానికి నాకే సిగ్గేసింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి గడప ముందు గుంత ఉంది. నల్లా లేదు. పైపు పాతదైందట, ప్రెషర్ చాలదట. గల్లీ దిగి, మూల తిరిగి, మోరీ దాటి వెళితే ఆయన ఆఫీసు. సరిగ్గా దాని ముందు కొత్త సిమెంటు దిమ్మె, రెండు నల్లాలు. ఇక ప్రతి పొద్దునా వార్డు మొత్తం ఆయన వాకిట్లో నిలబడేది. ఆయన అరుగు మీద కుర్చీ వేసుకుని సాసర్‌లో చాయ్ పోసుకుని తాగేవాడు.

నేను వద్దని మొత్తుకున్నా అమ్మ ఒక రోజు చెంబు పట్టుకుని బయల్దేరింది. మోరీ దగ్గర జారి పడింది. మణికట్టు విరిగింది. పట్టీ కట్టించుకుని మంచం మీద పడుకుని, "ఓడెక్కేదాక ఓడమల్లయ్య" అని సగం సామెత చెప్పి గోడ వైపు తిరిగింది. బాపు ఆమె చెయ్యి కింద దిండు సర్దాడు.

ఆ సాయంత్రమే నేను ఆఫీసుకు వెళ్లాను.

"ఏం టీచరమ్మా, బాపు మంచిగున్నడా?" అన్నాడు సోడా ఆయన.

"బాపు మంచిగనే ఉన్నడు. అమ్మ మోరీల వడి చెయ్యి ఇరగ్గొట్టుకుంది. మా నల్లా మాకు గావాలె. నువ్వు జిమ్మ అన్నవ్."

ఆయన ముఖంలో కోపం రాలేదు, బాధ కూడా రాలేదు. "నీళ్లు మోసుడు నాకెర్క లేదా అమ్మా? నేను మోసిన. సోడా సీసల డబ్బాలు గూడ మోసిన. మోస్తే ఎవ్వలు సావరు. రెండు నెల్లయితే అలవాటైతది" అన్నాడు.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. కష్టం ఈయనకు నేర్పింది నొప్పి కాదు, కొలత. ఎంత బరువు పెడితే మనిషి చావకుండా ఉంటాడో ఆ కొలత. సుఖంగా పెరిగినవాడైతే అమ్మ చెయ్యి చూసి జడుసుకుని ఉండేవాడేమో.

పదహారేళ్లుగా గొంతులో ఉన్న మాట బయటికి వచ్చేసింది. "నా పరీక్ష దినం లైన్ల నా బిందె నువ్వే జరిపినవ్ అన్నా. నేను చూసిన."

ఆయన సాసర్ కింద పెట్టాడు. నవ్వాడు, ఎగతాళిగా కాదు, పాత చుట్టం ఎదురైనట్టు.

"గిప్పుడంటున్నవా? గిన్నేండ్లకు? ఔ, జరిపిన. పిల్లలు దూపకు ఏడుస్తుండ్రి, జరిపిన. నువ్వు చూసినవని నాకెర్కే. నడుమ ముగ్గురు గూడ చూసిండ్రు. వాళ్ల నంబరైతే పోలె, గందుకే ఊకున్నరు. నువ్వన్నా లొల్లి జేస్తవని మస్తు భయపడ్డ. నువ్వు గూడ చెయ్యలె." కణుపు లేని వేలు గల్లీ వైపు చూపించాడు. "ఎవ్వని నంబరు వోతదో వాడొక్కడే ఏడుస్తడు, మిగిలినోళ్లు ఊకుంటరు. నేను సదివిన సదువు గదొక్కటే. ఇప్పుడు మీ ఆరిండ్లకు నల్లా దూరమైంది, కింద గల్లీ మొత్తానికి దగ్గరైంది. చెప్పు, నీ ఎనక ఎవరొస్తరు?"

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఇంటికి వచ్చి అంతా చెప్పాను. బాపు వెళ్లి బిందె ముందు కూర్చున్నాడు. ఎర్ర గీత సగం చెరిగిపోయింది. "నేనే ఊకోమన్న గద బిడ్డా" అన్నాడు. నాకు ఆయన మీద కోపం పోయింది. ఆ రోజు గల్లీలో నేను కూడా ఊరుకున్నాను కదా, నా మీద కోపం మాత్రం పోలేదు.

మరునాడు పొద్దున బిందె తీసుకుని కొత్త నల్లా దగ్గరికి వెళ్లాను. వరుస మొదట్లో రోజూ లాగే ఆఫీసు బిందెలు రెండు ఉన్నాయి. అవి ఎప్పుడు వస్తాయో, ఎవరు పెడతారో ఎవరూ అడగరు. నేను చెరొక చేత్తో వాటిని ఎత్తి తీసుకెళ్లి తోక దగ్గర పెట్టాను. అరుగు మీద సోడా ఆయన చాయ్ తాగడం ఆపాడు. తర్వాత ఒక్కసారిగా గలగల, బిందెలన్నీ ముందుకు జరిగాయి. కొంతమంది నవ్వారు. నాకు ఒళ్లంతా తేలికైపోయింది.

ఖాలా నా భుజం మీద చెయ్యి వేసింది. "బేటీ, ఈసారి ఎలక్షన్ల నువ్వే నిలబడు. తక్లీఫులు చూసినదానివి, నీకే తెలుస్తది" అంది. వెనక ఇద్దరు ముగ్గురు "ఔ, ఔ" అన్నారు. వీళ్లకు బుద్ధి రాదా అనుకున్నాను. నవ్వుతూ వరుస వైపు చూశాను.

ఖాలాది సొట్టపడ్డ బిందె. నేను వచ్చినప్పుడు అది నా బిందెకు ముందు ఉంది. ఇప్పుడు ఎర్ర గీత ముందు ఉంది, సొట్ట వెనక ఉంది. ఆ సందడిలో నేనే జరిపానో, నా మీద గౌరవంతో ఎవరైనా జరిపారో తెలియదు. ఖాలా కూడా అటే చూస్తోంది. ఏమీ అనలేదు. చెయ్యి నా భుజం మీదే ఉంది.

వెంటనే వెనక్కి జరిపానని రాసుకోవాలని ఉంది. కానీ నల్లాలో నీళ్లు వచ్చి మొదటి బిందె నిండేదాకా అలాగే ఉంచాను. ఆ తర్వాతే జరిపాను.