ఊరుకోని కాళ్లకు సరిపడ్డ పెడల్

నా ఒంట్లో నా మాట వినని భాగాలు రెండున్నాయి. రెండూ కాళ్లే. శృంగవరపుకోట బజారులో పగలంతా కుట్టుమిషను తొక్కుతాను, ఆదివారం మా బాప్టిస్టు గుడిలో లెగ్ హార్మోనియం తొక్కుతాను, మిగతా వేళల్లో ఊరికే తొక్కుతాను. బల్ల దగ్గర భోజనానికి కూర్చుంటే మా ఆవిడ కాంతం నా మోకాలు అదిమి పట్టుకుంటుంది, గిన్నెలో పులుసు తొణక్కుండా.

2014లో హార్మోనియం తోలుతిత్తిని ఎలుకలు కొరికేశాయి. బాగుచేసేవాడు దొరకలేదు. కోత పండుగ దగ్గరపడుతోందని సంఘం ఎలక్ట్రానిక్ కీబోర్డు కొన్నది. ఎడమచేత్తో ఒక మీట నొక్కితే తబలా, గిటారు వాటంతటవే మోగే రకం. అట్టపెట్టె మీద బొమ్మలో స్టాండు, పెడలు, ముసుగు, చెవులకు పెట్టుకునేవి అన్నీ ఉన్నాయి. పెట్టె విప్పితే కీబోర్డు, అడాప్టరు, ఒక పుస్తకం. అంతే.

"బొమ్మలోవి ఏవిరా?" అన్నాను, పాటల బృందం చూసుకునే నా మేనల్లుడు ఫిన్నీతో.

"అవన్నీ ఆప్షనల్ మావా. ఎవులికి కావాలంటే ఆలు ఏరేగా కొనుక్కోవాల."

పెళ్లికూతురొచ్చింది, సారె రాలేదన్నమాట. స్టాండు ఫిన్నీ తెచ్చాడు. ముసుగు నేను కుట్టాను, స్కూలు యూనిఫారాల్లో మిగిలిన ఖాకీ గుడ్డతో. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, టేపు ఎందుకని కంటితోనే కొలిచాను. పొట్టి చొక్కా తొడిగిన పిల్లాడి బొడ్డులాగా చివరి మీటలు బయటికే ఉండిపోయాయి.

పెడల్ మాత్రం నేనే కొంటానని పట్టుబట్టాను. పాదం కింద ఏదో ఒకటి లేకపోతే నా చేతులకు పాట తోచదు. విజయనగరం వెళ్తే కొట్టాయన, "ఏ కంపెనీ కీబోర్డండీ? మోడల్?" అని అడిగాడు.

"నల్లదండీ" అన్నాను.

ఆయన అరలోంచి ఒక నల్ల పెడల్ తీసి ఇచ్చాడు.

దాన్ని నొక్కితే స్వరం సాగాలి, వదిలితే ఆగాలి. నా దగ్గర వదిలితే సాగింది, నొక్కితే తెగింది. కంపెనీవాళ్లు మోసం చేశారని నేను కేకలేస్తుంటే ఫిన్నీ వంగి నా కాలు చూశాడు.

"మావా, స్విచ్చేసేటప్పుడు పెడలెలాగుంటే అదే వదిలేసినట్టని ఈ కీబోర్డు అనుకుంటాది. నువ్వు తొక్కిపెట్టి స్విచ్చేస్తన్నావు. ముందు కాలు తీయ్."

తీశాను. పెడల్ బాగుపడింది, నేను బాగుపడలేదు. కాలు మోపగానే హార్మోనియం అలవాటున గాలి కొట్టడం మొదలుపెట్టేది. స్వరం సాగడం, తెగడం, మళ్లీ సాగడం, మళ్లీ తెగడం. ఆ ఊపుకు స్టాండు కూడా ఊగేది.

"పాటకి ఎక్కిళ్లొచ్చినట్టున్నాది" అంది కాంతం.

పండుగ ముందురోజు సాధన అయ్యాక ఫిన్నీ నా భుజం మీద చెయ్యేశాడు. "ఏటీ అనుకోకు మావా. రేపు వాయించడానికి ఇజీనారం నుంచి ఒకాయన్ని రమ్మన్నాను. నువ్వు ముందు వరసలో కూసో."

నాకు ఏడుపొచ్చింది. నాకంటే బాగా కుట్టేవాళ్లు బజారు నిండా ఉన్నారు. ఆ వాయిద్యం ముందు కూర్చున్నప్పుడే జ్ఞానానందమనే నేనొకణ్ణున్నానని నాకే అనిపించేది. ఆ చోటు కూడా పోయింది.

కాంతం వచ్చి పెడల్ వైరు ఊడబీకింది. "ఇవి ఊరుకునే కాళ్లు కావురా ఫిన్నీ. ఆటి పని ఆటికిచ్చెయ్యాల. ఓ సెయ్యెయ్యి."

ఇద్దరూ కలిసి మూలనున్న హార్మోనియాన్ని లాక్కొచ్చి, మూత వేసి, దాని మీద కీబోర్డు పెట్టారు. కింద పాత తొక్కుడు పలకల మీద కాళ్లు ఆనించాను. చిల్లుల తిత్తి గాలంతా వదిలేస్తోంది, కానీ కాళ్లకు ఆ సంగతి తెలియదు. అవి తొక్కుతున్నాయి, చేతులు హాయిగా వాయిస్తున్నాయి. పాట ఎక్కడా తెగలేదు.

ఫిన్నీ తల గోక్కున్నాడు. "సరే, రేపు నువ్వే కానీ మావా. ఆయన పక్కనుంటాడు."

మర్నాడు కానుకలుగా వచ్చిన గుమ్మడికాయలు, వరికంకులు, అరటిగెలల మధ్య మొదటి పాట చక్కగా సాగింది. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో కీచు, కీచు, కీచు. నా కాళ్లకు పాట అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత గుడంతా నవ్వింది. పాస్టరుగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. విజయనగరం ఆయన వంగి కిందకు చూసి, "ఈ పెడల్ ఏ కంపెనీదండీ?" అన్నాడు.

"ఇదీ నల్లదేనండీ" అన్నాను.

ఆ నవ్వులకు పాత పెట్టెను సామాన్ల గదిలోకి నెట్టేస్తారని వారమంతా దిగులుపడ్డాను. ఆదివారం వెళ్లేసరికి అది అక్కడే ఉంది, మీద కీబోర్డుతో, నా పొట్టి ముసుగుతో. కూర్చుని కాలు మోపాను. చప్పుడు లేదు. వంగి చూస్తే పలకల కీళ్లకు నూనె పట్టించి ఉంది.

ఫిన్నీ పాటల పుస్తకాలు పంచుతున్నాడు. నా వైపు చూడలేదు. వాడి గోళ్ల నిండా నల్లటి జిడ్డు.