గిన్నెకు యాడిది జిగురు?

హిందూపురంలో మా వంటింట్లోకి ఈమధ్యే వచ్చిన అంట్లు తోమే యంత్రం తలుపు తెరిస్తే, ముఖానికి కొట్టే వేడి ఆవిరిలో అందరికీ నిమ్మకాయ వాసన తెలుస్తుంది. నాకు మాత్రం దాని అడుగున దాక్కున్న వాసన ముందు తెలుస్తుంది. సబ్బూ సోడా కలిసి ఉడికిన వాసన అది. ఆ పొడి డబ్బా మీద ఎన్ని నిమ్మకాయల బొమ్మలైనా వేసుకోనీ, ధర్మవరంలో పట్టు ఉడకబెట్టే ఇంట్లో పుట్టిన నా ముక్కును మోసం చేయడం ఎవరి తరమూ కాదు.

మా నాయన మగ్గాల వాళ్ళకు పట్టు ఉడకబెట్టి రంగులు వేసి ఇచ్చేవాడు. పెరట్లో ఓ మూల పెద్ద పొయ్యి, దాని మీద రాగి బాన, బానలో సబ్బూ సోడా వేసిన నీళ్ళు కుతకుతలాడుతుంటే, పాత చాప రంగులో గరుగ్గా ఉండే ముడిపట్టు దారపు చుట్టలను, అదే చిలపలను, కర్రలకు తగిలించి అందులో ముంచి తిప్పుతూ ఉండేవాడు. పురుగు గూడు కట్టేటప్పుడు దారానికి అంటించిన జిగురంతా ఆ నీళ్ళలో కరిగిపోయి, అదే పట్టు మెత్తబడి, తెల్లగా మెరుస్తూ పైకి వచ్చేది. వేపపూత రాలే ఒంటిపూట బడి రోజుల్లో, పలక ఓ మూల పడేసి, ఆ మెరుపు చూడటానికే పొయ్యి దగ్గర చేరేదాన్ని. సోడా చేయలేని పని లోకంలో లేదని నా తొమ్మిదేళ్ళ బుద్ధికి గట్టిగా తోచింది.

పెరటికి రెండో మూల మా అవ్వ రాజ్యం. మా వైపు అంట్లను బోకులంటారు. ఆ బోకులు తోమే బండ దగ్గరికి అవ్వ ఎవరినీ రానిచ్చేది కాదు. ముందు కంచాల్లో మిగిలిన మెతుకులూ కరివేపాకూ గీకి ఎనుము కుడితిలో వేయాలి, ఎంగిలి కంచాలు ఒక పక్కా వండిన గిన్నెలు ఒక పక్కా పెట్టాలి, సంగటి అంటుకున్నదాంట్లో నీళ్ళు పోసి నాననివ్వాలి, ఇదంతా అయ్యాక గానీ జల్లించిన బూడిదా, కొబ్బరిపీచూ, ఇత్తడి వాటికని దాచిన పిండేసిన చింతపండూ బయటికి వచ్చేవి కావు. యంత్రంతో వచ్చిన పుస్తకంలో కూడా మెతుకులు గీకమనీ, గిన్నెలు బోర్లించమనీ బొమ్మలు వేసి మరీ చెప్పారు. అవన్నీ మా అవ్వ ఎప్పుడో చెప్పినవే. ఎంగిలి సంగతి మాత్రం వాళ్ళకు తెలిసినట్టు లేదు.

అన్ని గిన్నెల్లోకీ అవ్వకు ప్రాణం ఒక సత్తు గిన్నె. అల్యూమినియం గొప్పగా ఉన్న రోజుల్లో, తనకల్లులో వాళ్ళమ్మ పెళ్ళికూతురి చేతిలో పెట్టి పంపిన గిన్నె అది. వాళ్ళమ్మ గుర్తుగా అవ్వకు మిగిలింది ఆ ఒక్కటే.

ఆ ఏడు ఉగాది ముందురోజు అవ్వ నీళ్ళ తొట్టి దగ్గర జారిపడి మణికట్టు బెణికించుకుంది. పండగ పూట ఓళిగలు కాల్చడంతోనే అమ్మకు సరిపోయింది. బోకుల గుట్ట చూసి నేను తోముతానన్నాను. అవ్వ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, గుట్టలో ఉన్న తన గిన్నె వైపు చూసింది.

"తోము. నా గిన్నె మాత్రం బూడిదతోనే మెల్లగా తోమల్ల" అంది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కంచాలన్నీ తోమేసినా నా ఉత్సాహం తీరలేదు. అవ్వ గిన్నెను పట్టులా మెరిపించి చూపించాలనిపించింది. నాయన డబ్బాలోంచి రెండు గుప్పిళ్ళు సోడా తెచ్చి గిన్నెలో వేసి, మరిగే నీళ్ళు పోశాను. బుసబుసమని నురగ పొంగింది. జిగురు ఊడి వస్తోందని సంబరపడి, పైన మూత కూడా పెట్టాను.

మూత తీసి నీళ్ళు పారబోసేసరికి గిన్నె లోపలంతా బొగ్గులా నల్లబడి ఉంది. బూడిద వేసి, చింతపండు వేసి, గోళ్ళు నొప్పెట్టేదాకా తోమినా ఆ నలుపు పూర్తిగా వదల్లేదు. దాచేద్దామనుకున్నాను గానీ, దాచడం నాకు అప్పుడూ చేతకాదు, ఇప్పుడూ చేతకాదు. తీసుకెళ్ళి అవ్వ ముందు పెట్టాను.

"ఏంజేసినావే దీన్ని?"

"పట్టు మాదిరి మెరుస్తాదని సోడా ఏసినా అవ్వా."

అవ్వ మంచి చేతి వేళ్ళతో గిన్నె లోపలంతా తడిమింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"పట్టుకు జిగురుంటాది, ఉడకేస్తే పోతాది. గిన్నెకు యాడిది జిగురు? నువ్వు తీసింది దాని చర్మమే" అంది. ఇక నన్ను బండ దగ్గరికి రానివ్వదని ఏడుపు అందుకున్నాను. కొంగుతో తన కళ్ళూ నా ముక్కూ తుడిచి, "రేపూ నువ్వే తోమల్ల. ఇంగ నీకు తెల్సింది కదా" అంది.

తెల్లారి సంగటి ఆ నల్లటి గిన్నెలోనే కెలికింది. ఇంటికొచ్చినవాళ్ళకల్లా "మా మనవరాలు గిన్నెకు జిగురు తీసింది" అని చెప్పి, నన్ను ఏళ్ళ తరబడి ఏడిపించింది.

ఇప్పుడా బానా లేదు, ఎనుమూ లేదు, పిడికెడు బూడిద కావాలంటే ధర్మవరమంతా తిరిగినా దొరికే పొయ్యి లేదు. అవ్వ కూడా లేదు. గిన్నె మాత్రం నా దగ్గరుంది.

మొన్న మా అమ్మాయి యంత్రం సర్దుతూ కింది అరలో దాన్ని కూడా బోర్లించి, పొడి వేసి, తలుపు మూయబోయింది. పరుగెత్తుకెళ్ళి బయటికి లాగాను.

"నల్లగా ఉండాది గదమ్మా, తెల్లగయితాదని పెట్నా" అంది, బిత్తరపోయి.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "గిన్నెకు యాడిది జిగురు?" అని అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, పీచు తీసుకుని మెల్లగా తోమాను. నలుపు పోలేదు. పోవాలని నేను తోమనూ లేదు.