గాజుల పరీక్ష

హిందూపురంలో కారు కొనబోయేవాడు ముందు బ్యాంకుకు వెళ్తాడో గుడికి వెళ్తాడో గానీ, ఆ తర్వాత ఎక్కే మెట్టు మాత్రం పెనుకొండ రోడ్డులోని మార్కండేయులు దుకాణానిదే. దుకాణమంటే పెద్దదేం కాదు. ఒక షట్టరు, రెండు స్టూళ్ళు, గోడ నిండా ఖాళీ స్పీకరు డబ్బాలు. ఒకప్పుడు ఆయన రోజుకు నాలుగు కార్లకు స్పీకర్లు బిగించేవాడు. ఇప్పుడు కార్లన్నీ పుట్టుకతోనే పాటలు నేర్చుకుని వస్తున్నాయి. బిగించే పని తగ్గింది, అభిప్రాయం చెప్పే పని పెరిగింది.

"అన్నా, పై మోడల్లో ఎనిమిది స్పీకర్లంట, పేరున్న కంపెనీవంట. లక్షా పాతికవేలు ఎక్కువ చెప్తాండారు. పెట్టొచ్చునా?" అని అడుగుతారు. ఆ సలహాకు ఆయన పుచ్చుకునేది ఒక గ్లాసు కాఫీ.

ఊరికే చెప్పడు. మొలతాడుకు తాళంచెవితో పాటు ఒక పెన్‌డ్రైవ్ కట్టుకుని ఉంటాడు. దాన్ని విప్పి కారులో గుచ్చి, అద్దాలన్నీ ఎక్కించి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. అందులో పాట ఉండదు, మాట ఉండదు. మగ్గం ఆడుతున్న చప్పుడు, రాట్నం తిరిగే చప్పుడు, సన్నగా గాజుల చప్పుడు, అంతే. గాజులు వినబడితే "పెట్టప్పా దుడ్లు" అంటాడు. వినబడకపోతే "దండగ" అంటాడు. ఊళ్ళో దీనికి గాజుల పరీక్ష అని పేరు. ఆ గాజులు ఎవరివని అడిగినవాళ్ళు లేరు, ఆయన చెప్పిందీ లేదు.

ఆయనది ధర్మవరం, నేత ఇల్లు. పాతికేళ్ళ వయసులో మగ్గం గుంటలో దిగనని మొండికేసి, టేపురికార్డర్లు బాగుచేసే అంగట్లో చేరాడు. ఒక రోజు ఎవరిదో రెండు మైకుల టేపురికార్డరు బాగుచేసి, సరిగ్గా పలుకుతోందో లేదో చూద్దామని ఇంటికి తెచ్చి గడప మీద పెట్టి మీట నొక్కాడు. కుడిపక్క గుంటలో నాయన పట్టుచీర నేస్తున్నాడు. ఎడమపక్క తలుపు దగ్గర అమ్మ సరస్వతమ్మ రాట్నం మీద పట్టుదారాన్ని కండెలకు చుడుతోంది. చేతికి డజను చొప్పున ఎర్ర గాజులు. రాట్నం తిప్పిన ప్రతిసారీ అవి మణికట్టు మీద జారి మోగేవి. ఇద్దరూ పనిలో పడి ఒక్క మాటా మాట్లాడుకోలేదు. పదకొండు నిమిషాలు రికార్డయింది. నడుమ ఒకసారి అమ్మ చేతిలో దారం తెగింది. గాజులు ఆగి, కాసేపటికి మళ్ళీ మోగాయి. ఆ రోజు మార్కండేయులు చూసుకున్నది మైకులు పనిచేస్తున్నాయా అన్నదొక్కటే.

ఐదేళ్ళకు నాయన పోయాడు. పదోరోజున నలుగురూ కూడి ఆమె గాజులు పగలగొట్టారు. ఆ తర్వాత సరస్వతమ్మ పద్దెనిమిదేళ్ళు బోడి చేతులతోనే కండెలు చుట్టింది. ఇంట్లో రాట్నం తిరుగుతూనే ఉండేది గానీ ఆ చప్పుడులో సగం లేదు. అమ్మ కళ్ళెదుటే ఉండగా అమ్మ చప్పుడు కోసం బెంగపడటం లోకంలో ఎంతమందికి తెలుసో గానీ మార్కండేయులుకు తెలుసు.

మార్కండేయులు హిందూపురానికి మారాక, చూడవచ్చినప్పుడల్లా ఆమె కొడుకు దుకాణంలో స్టూలు మీద కూర్చుని, "ఆ టేపు పెట్టు నాయనా" అనేది. వింటూ వింటూ ఒకచోట వేలు ఎత్తి, "ఇప్పుడు దారం తెగుతాది సూడు" అనేది. తెగేది. అప్పుడు ఆమె తన బోడి మణికట్టు వైపు చూసుకునేది. ఆమె పోయి పన్నెండేళ్ళయింది. టేపు అరిగిపోతుందని భయపడి మార్కండేయులు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని నడుముకు కట్టుకున్నాడు.

ఇదంతా ఒక ఎత్తు. రెండేళ్ళుగా గాజుల పరీక్షలో ఒక్క కారూ నెగ్గడం లేదు, అదొక ఎత్తు. చిన్న కారు, పెద్ద కారు, పై మోడలు, కింది మోడలు, ఏది తెచ్చినా ఆయన తల అడ్డంగానే ఊపుతున్నాడు. "దండగప్పా, దండగ. ఉత్త గుబగుబ తప్ప ఏముండాది దీంట్లో?" జనం కూడా నమ్మారు. కంపెనీలు పేరు అమ్ముకుంటున్నాయని, వెనకటి సరుకు ఇప్పుడు లేదని ఆయన మాటకు ఇంకో నాలుగు కలిపి చెప్పుకున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, వినలేక స్పీకరు ఓడు అన్న సామెత ఇంకా పుట్టలేదు గదా!

పుట్టించాల్సింది ఆయన భార్య పార్వతమ్మే. మూడు విజిళ్ళకు కుక్కరు దించమని చెప్పి ఆమె మిద్దె మీదికి వడియాలు ఎండబెట్టడానికి వెళ్తే, దిగొచ్చేసరికి పప్పు మాడి ఇల్లంతా పొగ. కుక్కరు ముందే కుర్చీ వేసుకుని కూర్చున్న మొగుడు, "అది కుయ్యనే లేదే!" అన్నాడు. బజారుకు పోయి కొత్త విజిలు తెచ్చాడు. అదీ కుయ్యలేదు. ఏకంగా కొత్త కుక్కరే తెచ్చాడు.

"ఒగే ఇంట్లో అన్నీ మూగ కుక్కర్లేనా?" అంది పార్వతమ్మ. "చెవుల డాక్టరు కాడికి పోదాం పా అంటే వినవు."

"ఆ డాక్టరు కారుకు స్పీకర్లు బిగించింది ఎవురనుకున్నావు? నేను పోయి ఆయప్ప ముందర చెవి పెట్టుకోని కూసోవల్లనా?"

"నీకు చెప్పేది చెవిటోని ముందర శంఖం ఊదినట్లే."

ఆయనకు తెలియక కాదు. తెలుసు. చెవి పోయిందని ఒప్పుకుంటే గాజులు పోయినట్టే, ఇక ఈ జన్మలో వినబడవు. స్పీకర్లదే తప్పనుకుంటే మాత్రం, ఎక్కడో ఒక మంచి స్పీకరు ఇంకా మిగిలే ఉంటుంది. ఎప్పుడో ఒక కారులో అమ్మ చేతులు మోగుతాయి. ఆ ఆశ కోసం లోకంలోని స్పీకర్లన్నిటినీ తిట్టాడు పాపం.

అలాంటి రోజుల్లో బట్టల అంగడి అమర్‌నాథ్ కూతురు రూపను వెంటబెట్టుకుని వచ్చాడు. రూప ఎర్రమంచి దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తుంది. మూడేళ్ళు రోజూ బస్సులో పోయివచ్చి, తన జీతంతో కారు కొనుక్కుంటోంది. పాటల పిచ్చి ఉన్న పిల్ల, పై మోడలే కావాలంటుంది. తండ్రి కింది మోడలు చాలంటాడు. మార్కండేయులు నోట "దండగ" అన్న ఒక్క మాట పడితే లక్షా పాతికవేలు మిగులుతాయని అమర్‌నాథ్ లెక్క.

"పెనుకొండ షోరూముకు నువ్వూ రావల్లన్నా. తొమ్మిది స్పీకర్లంట. ఇంతకు మించింది లేదని చెప్తాండారు."

ఇంతకు మించింది లేదన్న మాట దగ్గర మార్కండేయులు ఆగిపోయాడు. మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, పెళ్ళిళ్ళకు తీసే తెల్లచొక్కా వేసుకున్నాడు. పార్వతమ్మ విడ్డూరంగా చూసింది. పెన్‌డ్రైవ్‌ను చొక్కా కొసతో రెండుసార్లు తుడిచాడు.

షోరూములో రెండు కార్లూ పక్కపక్కనే పెట్టారు. ముందు ఖరీదైనదాంట్లో ఎక్కారు. ఆయన ముందు సీట్లో, రూప వెనక. అమర్‌నాథ్ బయటే నిలబడి బేరాలు మొదలుపెట్టాడు. అద్దాలు ఎక్కాయి. మగ్గం మొదలైంది. నాయన వేసిన దెబ్బ ఎంత బరువుగా వచ్చిందంటే మార్కండేయులు వీపు వెనక సీటు అదిరింది. ముప్పై ఏళ్ళ కిందట పోయిన మనిషి కుడిపక్కన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టే ఉంది. "ఇదీ స్పీకరంటే" అనుకున్నాడు. ఇంత స్పష్టంగా నాయన వచ్చాడంటే అమ్మ రాకుండా ఉంటుందా?

కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు. రాట్నం రొద మసకమసకగా వచ్చింది. దాని మీద ఏమీ లేదు. సన్నటి శబ్దాలను పెంచే గీతను తెర మీద కొంచెం జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. చివరిదాకా జరిపి, వేలు అక్కడే నొక్కిపెట్టాడు.

వెనక నుంచి రూప ఆయన భుజం తట్టింది. "పెద్దనాయనా, కొంచెం తగ్గించు. గాజులు చెవుల్లో గుచ్చుకుంటాండాయి."

"ఏమంటివి పాపా?"

"గాజులు. మోగుతాండాయి కదా, ఎంత సేపటి నుంచో. ఎవురివవి?"

మార్కండేయులు తెర మీది నుంచి వేలు తీశాడు. గుచ్చిన పెన్‌డ్రైవ్ తీసుకుని దిగి, పక్కనున్న కింది మోడల్లో ఎక్కాడు. రూపను కూడా రమ్మని సైగ చేశాడు. నాలుగే నాలుగు స్పీకర్లు. మళ్ళీ మగ్గం మొదలైంది. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు. వెనక్కి తిరిగి ఆ పిల్ల ముఖమే చూశాడు. "దీంట్లో?" అని అడిగాడు. రూప కాసేపు విని తలాడించింది. "దీంట్లోనూ వినపడతాండాయి."

అంటే రెండేళ్ళుగా ప్రతి కారులోనూ మోగుతూనే ఉన్నాయి. ఆయన దండగ అని కొట్టిపారేసిన ప్రతి కొత్త కారులోనూ అమ్మ కూర్చుని కండెలు చుట్టింది. పక్కనే కూర్చున్న కొడుకు మాత్రం వినలేదు.

అమర్‌నాథ్ తలుపు తెరిచి తల లోపలికి పెట్టాడు. "ఏమన్నా, దండగే కదా? ఆ మాట మా పాపకు నీ నోటితోనే చెప్పు."

ఆ ఒక్క మాట అనేస్తే ఆయన పేరు నిలిచేది, కాఫీ గ్లాసు నిలిచేది. అమర్‌నాథ్‌తో సహా ఊరంతా ఎప్పట్లాగే నమ్మేది. మార్కండేయులు పెన్‌డ్రైవ్ ఊడదీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"నన్ను అడగద్దు అమర్‌నాథూ," అన్నాడు. "నా చెవి పోయింది. ఇన్నాళ్ళూ నేను దండగ దండగ అని చెప్పిందంతా ఉత్తదే. ఊళ్ళో అందరికీ చెప్పు, ఏమీ అనుకోను. పాపనే అడుగు. పాపా, రెండిట్లోనూ విన్నావు కదా, తేడా ఏమన్నా ఉండాదా?"

రూప ఆలోచించి చెప్పింది. "ఉండాది పెద్దనాయనా. దీంట్లో అన్నీ ఒగే కుప్పలో ఉండాయి. దాంట్లో అయితే మగ్గం కుడిపక్క, గాజులు ఎడమపక్క, తలుపుకాడ ఎవురో కూసున్నట్ల. ఆడికి పోయి చూస్తే మనిషి ఉంటారేమో అనిపించింది."

ఎడమపక్క, తలుపు దగ్గర. ఆ పిల్ల ధర్మవరం ఇంటిని ఎన్నడూ చూడలేదు. మార్కండేయులు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"విన్నావు కదప్పా," అన్నాడు అమర్‌నాథ్‌తో. "నీకైతే కింది మోడలు చాలు. ఫోను మాట్లాడుకుంటూ నడిపేవానికి తొమ్మిది స్పీకర్లు ఎందుకు? పాపకు మాత్రం ఆ కారే తీసుకోనీ. వినే చెవి ఉండాది. ఆ చెవి ఉన్నన్నాళ్ళే దానికి వెల."

అమర్‌నాథ్ ముఖం ముడుచుకుని, కనీసం మ్యాట్లైనా ఉచితంగా రాబట్టుకుందామని సేల్స్ అమ్మాయి దగ్గరకు నడిచాడు. మార్కండేయులు మళ్ళీ ఖరీదైన కారులోకి వెళ్ళాడు. ఈసారి రూపను ముందు, తన పక్కన కూర్చోమన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు చాచాడు.

"ఇంగోసారి పెడతాను. గాజులు మోగినప్పుడంతా ఈడ తట్టమ్మా."

రూప రెండు వేళ్ళతో తట్టడం మొదలుపెట్టింది. మగ్గం దెబ్బ వీపులో, గాజుల దెబ్బ మణికట్టు మీద. రాట్నం తిరిగినట్టే ఒక వేగం, ఒక విరామం, మళ్ళీ వేగం. ఆయనకు లెక్క గుర్తుంది. ఎక్కడ నెమ్మదిస్తుందో, ఎక్కడ కండె మారుస్తుందో అంతా గుర్తుంది. కొంతసేపటికి వేలు ఎత్తాడు.

"ఇప్పుడు దారం తెగుతాది సూడు."

రూప వేళ్ళు ఆగిపోయాయి. ఆమె ఆశ్చర్యంగా ఆయన వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని, చెయ్యి అలాగే చాచి ఉంచాడు. అమ్మ దారం కొసను నాలుక మీద తడుపుకుంటోంది. రెండు కొసలూ కలిపి ముడి వేస్తోంది. తొందరలేదు. తర్వాత రూప వేళ్ళు మళ్ళీ తట్టాయి.

"ఎవురివని అడిగితివి కదా పాపా," అన్నాడు మార్కండేయులు. "మాయమ్మవి."