ఎండిన బోరు సంగతి

గార్లదిన్నెలో బస్సెక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, నా ఒళ్ళోని కాగితాల కట్టను కాసేపు చూశాడు.

"ఏం సదువుతాండావు పాపా?"

వేరుశనగ మీద పరిశోధన చేస్తున్నానని, ఇది అందులో లిటరేచర్ రివ్యూ అనే అధ్యాయమని చెప్పాను. అంటే ఏమని అడిగాడు.

"బోరు వేసే ముందు చుట్టూ ఉండే చేలల్లో అడుగుతాం కదా పెద్దాయనా, ఎవరు యాడ వేసినారు, ఎవరికి నీళ్ళు పడినాయి, ఎవరిది ఎండిపోయింది అని. అన్నీ విని, మనది యాడ వేయాలో తేల్చుకుంటాం. ఇదీ అంతే."

చక్కగా చెప్పానని నాకే ముచ్చటేసింది. ఆయన మాత్రం కిటికీ వైపు తిరిగాడు.

"నన్నూ అడిగినాడు మా పక్కచేను ఆయప్ప. నా బోరులో దుమ్ము తప్ప ఏం రాలేదు. చెప్పుకునేకి నామోషీ అయి, నీళ్ళు పడినాయి, మోటారు దింపేదే తరువాయి అంటి. నా మాట నమ్మి గట్టుకు అవతల ఆయప్పా వేసినాడు. ఆడా దుమ్మే."

అనంతపురంలో దిగబోతూ ఆగాడు.

"దాంట్లో అందరూ నిజమే రాసింటారా పాపా?"

"రాసింటారు పెద్దాయనా."

ఆయన దిగిపోయాడు. ఒకే విత్తనాన్ని రెండేళ్ళు వేసి చూసిన నా ఫలితాల అధ్యాయంలో రెండో ఏడు పండిన పంట ఒక్కటే ఉంది. మొదటి ఏడు అదే విత్తనం కాయ పట్టకుండా ఎండిపోయిన సంగతి నేనెక్కడా రాయలేదు. రేపు ఎవరో నా థీసిస్ చదివి, ఆ విత్తనం తమ చేలో వేసుకుంటారు.