అంబ్రుష్ పాటకు చప్పట్లు

రేబికి కోపం ఎక్కువని మా ఊరు వెరెష్‌కూత్‌లో అందరూ అంటారు. గట్టు మీద కూర్చున్నవాళ్ళకేం, ఎన్నయినా అంటారు. ఆమె పడ్డవి ఒకసారి వింటే, ఇంత తక్కువ కోపంతో ఎలా నెట్టుకొచ్చిందా అనిపిస్తుంది.

తల్లి చిన్నప్పుడే పోయింది. సవతి తల్లి చేతికింద పెరిగింది. ఆకులు రాలే రోజుల్లో వాగులో నానిన జనపనార కట్టల్ని మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఉతికే పని ఆమెదే. వేళ్ళు కొంకర్లు పోయేవి. పళ్ళు బిగబట్టి, సవతి తల్లిని మనసులో కడిగేస్తూ, ఒక కూనిరాగం తీసేది. నడిమధ్యలో చన్నీళ్ళ జిల్లుకు ఊపిరి ఆగేది, రాగమూ అక్కడ ఆగేది. మళ్ళీ అందుకునేది. ఒడ్డున గుర్రాలు మేపుతున్న అంబ్రుష్ అది విన్నాడు. విన్నవాడు విన్నట్టు ఊరుకోక, అప్పట్లో ఊరి ఫిడేలువాడైన బేని తండ్రి దగ్గరికి పోయి, ఈల వేసి వినిపించి, ఇది నా పాట అని చెప్పేశాడు.

మా ఊళ్ళో మగవాడికి పాట అంటే మాటలు కాదు. ఇల్లు, గుర్రం ఎలాగో పాటా అలాగే. పెళ్ళిళ్ళలో ఫిడేలువాళ్ళ ముందు ఎవరి పాటకు వాళ్ళే నిలబడతారు. ఒకడి పాటకు ఇంకొకడు అడుగేస్తే బుర్రలు పగులుతాయి. ఆ మనిషి పోయిన రోజున గుమ్మం నుంచి గొయ్యి దాకా ఫిడేలు ఆ పాటే వాయిస్తూ ముందు నడుస్తుంది. వింటున్న ఊరంతా టోపీలు తీసి నిలబడుతుంది. దారిలో పాట తెగితే, అందుకునేదాకా ఎవరూ అడుగు ముందుకు వెయ్యరు.

ఆ ఆదివారం నాట్యంలో తన కూనిరాగానికి అంబ్రుష్ ఛాతీ విరుచుకుని నిలబడటం చూసి రేబి జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"దొంగ వెధవా! అది నాది!"

"నీదని తెలిసే తీసుకున్నా. అంత బెంగగా ఉంటే మా ఇంటికొచ్చి దానికి కాపలా కాసుకో" అన్నాడు అంబ్రుష్.

పెళ్ళాడి కాపలాకే వెళ్ళింది. వెళ్ళినందుకు జీవితమంతా కాసింది. పిల్లలు కలగలేదు. ఊరందరి పొలాలూ పశువులూ కలిపేసుకున్న సర్కారు సమిష్టి క్షేత్రంవాళ్ళు ఉన్న గుర్రాల్ని తోలుకుపోతే, సొంత గుర్రాలకే అంబ్రుష్ జీతగాడై గడ్డి వేశాడు. ఎన్ని పోయినా పాట పోలేదు. ఏ పెళ్ళిలోనైనా బేని ఫిడేలు ఆ పాటకేసి తిరిగిందంటే ఆయన లేచేవాడు, ఆయన వెనకే రేబి మూతి ముడుచుకుని లేచేది. ఆ మూతి ముడుపులోని మురిపెం అందరికీ తెలిసిందే.

కిందటి మొక్కజొన్న కోతలప్పుడు అంబ్రుష్ గుర్రాల కొట్టంలోనే కుప్పకూలాడు. శవం ఇంట్లో ఉండగానే సాంస్కృతిక భవనం డైరెక్టరు లోరాంట్ వచ్చాడు. లోరాంట్ పక్క ఊరివాడే. ఇక్కడి బడికొచ్చే రోజుల్లో రేబి చేతి పులుసూ రొట్టే తిని పెరిగిన కుర్రాడు.

"అత్తా, చాలా బాధాకరం. కానీ ఫిడేలు ఊరేగింపు మాత్రం వద్దు. మూఢనమ్మకం. పైగా పనిరోజు. పైవాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు.

రేబి చెప్పులు కూడా వేసుకోకుండా బేని ఇంటికి పరుగెత్తింది. తండ్రి పోయాక ఊరి ఫిడేలు బేనిదే. గుమ్మంలోనే నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"వాయిస్తే నా అనుమతి చీటీ పీకేస్తారక్కా. అది లేకపోతే పెళ్ళిళ్ళకి కూడా పిలవరు. ఇంట్లో ఇన్ని నోళ్ళున్నాయి..."

"బతిమాలుతున్నానురా బేనీ. వీధి చివరిదాకా వాయించు చాలు."

బేని తలుపు వేసుకోలేదు, అలాగని బయటికీ రాలేదు. అంబ్రుష్‌ని ఫిడేలు లేకుండా, ఒట్టి మట్టి చప్పుడుతో పూడ్చారు. ఆ రోజు నుంచీ రేబి కడుపులో మండుతున్నది ఒక్కటే. ఆ మనిషి తన పాట లేకుండా పోయాడు. తన ఊపిరి నుంచి ఎత్తుకుపోయిన పాట, తన చేతులమీదుగా ఆయనకి తిరిగి అందలేదు.

చెర్రీ చెట్లు పూశాక ఒక ఆదివారం పట్నం నుంచి కచేరీ వచ్చింది. పియానోని బస్తీ బడి నుంచి ట్రాక్టరు బండిలో గడ్డి పరిచి తెచ్చారు. రానివాళ్ళ సంగతి తర్వాత చూస్తామని సమిష్టి క్షేత్రం ముఠా మేస్త్రీ ఇంటింటికీ చెప్పి వెళ్ళాడు. పక్కింటి పిరోష్కా బలవంతం మీద రేబి నల్ల తలగుడ్డ కట్టుకుని వచ్చి వెనక వరుసలో కూర్చుంది. ముందు వరుసలో లోరాంట్, పట్నం నుంచి వచ్చిన ఆఫీసరమ్మ, బడి పంతులు. గోడ పక్కన ఫిడేలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని బేని. సాయంత్రం నాట్యానికి వాయించాలి కదా, దానికి అనుమతి ఉంది.

పెద్ద పెద్ద పాటలు అయ్యాయి. జనం ఆవలింతలు మింగారు. అప్పుడు లోరాంట్ వేదికెక్కాడు.

"ఇప్పుడొక చిన్న రచన. పేరు వసంతోల్లాసం. మన యువ స్వరకర్త తిహమేర్ ఈ ప్రాంతంలోనే సేకరించిన జానపద బాణీ ఆధారంగా కట్టారు. ఈ బాణీ ఎవరిదో ఎవరికీ తెలీదు. ఇది ప్రజలది!"

సన్నటి పిల్ల ఎమెష్ పియానో ముందు సర్దుకుంది. ఎడమచెయ్యి బండి గంటల్లా గలగలలాడింది. పిల్లలకు బాగుంటుంది అనుకుంది రేబి. తర్వాత కుడిచెయ్యి కదిలింది. రేబి చేతిలోని రుమాలు కింద పడింది. అదే. పరుగులు పెట్టించారు, రిబ్బన్లు కట్టారు, అయినా అదే. తన ఊపిరి ఆగే చోటు దగ్గర పియానో టక్కున ఎగిరి దూకింది, మేకపిల్ల గోడ దూకినట్టు. ముందు వరుసవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

ఒళ్ళు భగ్గుమంది. అయినా ముందు చెయ్యాల్సింది చేసింది. లేచి నిలబడింది. పిరోష్కా లేచింది. ఆ తర్వాత, గుర్రాల కొట్టంలో అంబ్రుష్‌తో పనిచేసిన ముసలి ఫెర్కే టోపీ తీసి లేచాడు. బెంచీలు కిర్రుమన్నాయి, ఊరంతా నిలబడింది. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. బేని మాత్రం తన బూట్లకేసి చూస్తూ, అందరికన్నా చివర లేచాడు.

అది మొదలయిందో లేదో అయిపోయింది. రొట్టె ముక్క నమిలి మింగేంత సేపు. ఒక మనిషి బతుకంతా నిలబడ్డ పాటని అంతలో చుట్టేశారు.

లోరాంట్ వెనక్కి తిరిగి చూసి పొంగిపోయాడు. "చూశారా! జనం లేచి నిలబడ్డారు!" అంటూ చప్పట్లు కొట్టాడు. ఆఫీసరమ్మ కొట్టింది. పంతులు కొట్టాడు. తిహమేర్ ఎర్రబడ్డ మొహంతో వచ్చి వంగి నమస్కరించాడు. వెనక ఒక్క చెయ్యీ కదల్లేదు.

"శ్రోతల అభిప్రాయాలు విందాం" అన్నాడు లోరాంట్ చేతులు రుద్దుకుంటూ. "భయపడకండి, మనసులో మాట చెప్పండి."

గడ్డి మీద మంచుబొట్లు దొర్లినట్టుందని ఆఫీసరమ్మ చెప్పింది. పొద్దున్నే ట్రాక్టర్లు పొలానికి పోతున్న ఉత్సాహం వినిపించిందని పంతులు ముందే రాసుకొచ్చినట్టు అప్పజెప్పాడు.

"నాకైతే తాగొచ్చి పెళ్ళాం ముందు తిన్నగా నడవబోయే మొగుడిలా వినిపించింది. అడుగడుక్కీ తొట్రుపాటే" అన్నాడు ఫెర్కే.

నవ్వులు లేచాయి. లోరాంట్ కూడా నవ్వేసి, "రేబి అత్తా, అందరికన్నా ముందు లేచింది మీరే. మీకేమనిపించింది?" అన్నాడు.

"శవం లేవలేదే, పాడె ఏదీ అనిపించింది."

ఆఫీసరమ్మ చటుక్కున వెనక్కి తిరిగింది.

"అదేంటత్తా..."

"అదేంటా? అది మా ఆయన పాట. ఆయన పాట వాయిస్తుంటే కాళ్ళు చాపుకుని కూర్చోమంటావా? మేం నిలబడ్డది చచ్చినవాడి కోసంరా, ఆ పియానో కోసం కాదు. చావు పాటకి చప్పట్లు కొట్టినవాళ్ళని నా జన్మలో ఇవాళే చూశా!"

"అత్తా, కాస్త మెల్లిగా. ఇది ఏ ఒక్కరిదీ కాదు, ప్రజలది."

"ప్రజలంటే ఎవర్రా? మేం కామా? ఆయన్ని మోసుకెళ్ళిన రోజున ఇదే పాట మూఢనమ్మకం అన్నావు. నా గుమ్మంలో నిలబడి అన్నావు. ఇవాళ పక్కన పట్నంవాళ్ళు కూర్చునేసరికి ప్రజల సొత్తయిపోయిందా? నాలుకా, తాటిమట్టా అది?"

తిహమేర్ మొహంలో రంగు దిగిపోయింది. వేదిక అంచుదాకా వచ్చాడు.

"అమ్మా, నాకు తెలీదమ్మా. బేనిగారు వాయిస్తే టేపు పెట్టెలో పట్టుకున్నాను. ఎవరిదని అడగలేదు."

"అడగాలి బాబూ. గుర్రాన్ని విప్పుకుపోయేవాడు కూడా ముందు ఎవరిదో చూసుకుంటాడు. అక్కడ గెంతించావే, వీళ్ళు నవ్వారే, అది నవ్వులాట కాదు. చన్నీళ్ళలో ఊపిరాడక నేను ఆగిన చోటు."

 ఆఫీసరమ్మ లోరాంట్ చెవిలో ఏదో గుసగుసలాడింది. వాడు చెమట తుడుచుకుని, ఎలాగోలా నవ్వు పులుముకున్నాడు.

"కళ మీద రకరకాల అభిప్రాయాలుంటాయి. మంచిదే! ఇంకోసారి వింటే అర్థమవుతుంది. ఎమెష్, మళ్ళీ!"

"మళ్ళీ" అంది రేబి. అన్న తర్వాతే ఆమెకు తట్టింది. శ్మశానం పైన వాలులోనే ఉంది, పియానో అక్కడిదాకా వినిపిస్తుంది. "ఆ కిటికీలన్నీ తియ్యండి. అమ్మాయీ, నేను ఆయన దగ్గరికి చేరేదాకా ఆపకు. అయిపోతే మళ్ళీ మొదలెట్టు. నీకు పుణ్యముంటుంది."

ఎమెష్ తిహమేర్‌కేసి చూసింది. తిహమేర్ తనే పోయి కిటికీ తలుపు తోశాడు.

రేబి ముందు నడిచింది. వెనక పిరోష్కా, ఫెర్కే, బెంచీల తర్వాత బెంచీలు. పియానో అయిపోతోంది, మళ్ళీ ఎత్తుకుంటోంది. గెంతే చోటు వచ్చినప్పుడల్లా, వెంట పాడుతున్న జనం నోటితో దాన్ని నొక్కిపట్టి, ఆగి, తమ తీరుగా అందుకుంటున్నారు. పొడి సంగీతం, చెక్కా ఇనుమూ కలిపి చేసిన సంగీతం. అయినా ఆయన పాటే.

లోరాంట్ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. "ఇది ఊరేగింపు! దీనికి అనుమతి లేదు!"

"ఊరేగింపెక్కడయ్యా? నీ కచేరీయే వింటున్నాం. సంగీతం మరీ బాగుంటే మాకు కాళ్ళు ఆగవు" అన్నాడు ఫెర్కే వెనక్కి తిరగకుండానే.

వాలు ఎక్కి శ్మశానం తడిక దగ్గరికి వచ్చేసరికి, కింద కిటికీలు ధన్‌మని మూసుకున్న చప్పుడు వినిపించింది. పాట నడిమధ్యలో తెగిపోయింది.

ఎవరూ కదల్లేదు. రేబి తడిక పట్టుకుని నిలబడిపోయింది. అంబ్రుష్ సమాధి మీది చెక్క గుంజ ఎదురుగానే కనిపిస్తోంది. కానీ తెగిన పాట మీద అడుగు వేసి పోవడం కన్నా ఇంటికి తిరిగిపోవడం నయం. నోటి పాట దారికి తోడేగాని, దారి తియ్యడానికి చాలదు. పియానో ఆగాక దారి తియ్యాల్సింది ఫిడేలే. జనం మెల్లగా పక్కకి తప్పుకున్నారు. వెనక, పెట్టె చంకలో పెట్టుకుని, బేని మిగిలాడు.

"టేపు పెట్టెకి వాయించావు కదూ" అంది రేబి. "అదేమవుతుంది నీకు? బావమరిదా?"

"అక్కా, వాడు కిటికీలోంచి చూస్తున్నాడు. రేపే చీటీ పీకేస్తాడు. పిల్లలున్నారక్కా."

"నేనేం అడగట్లేదు. అడగాల్సిన రోజున అడిగాను."

బేని కిందికి చూశాడు. అద్దం వెనక లోరాంట్ తెల్ల చొక్కా కనిపిస్తోంది.  తర్వాత టోపీ తీసి పిరోష్కా చేతిలో పెట్టి, పెట్టె మూత ఎత్తాడు.

పియానో తెంపిన చోటు నుంచే అందుకున్నాడు. ఊపిరి ఆగే చోట కమాను ఆగింది. నీళ్ళ చలి రేబి ఎముకల్లో మళ్ళీ జివ్వుమంది. తడిక తోసుకుని లోపలికి నడిచింది. బేని వాయిస్తూ ముందు, ఊరంతా వెనక. ఆ వారంలోనే బేని చీటీ పీకేశారు. ఆ కోపం కూడా రేబి తలకెత్తుకుంది. లోరాంట్ ఆఫీసు గుమ్మం ముందు ఎన్ని పొద్దులు కూర్చుని ఎంత గొడవ చేసిందో ఊరికి తెలుసు.

ఆ రోజు మాత్రం గుంజ పక్కన నిలబడి, పాట చివరిదాకా వింది. కళ్ళు తుడుచుకోలేదు. ఒంగి గుప్పెడు మట్టి తీసి దిబ్బ మీద వేసింది.

"ఇదిగో నీ పాట" అంది అంబ్రుష్‌తో. "ఆలస్యమైందని నన్ను తిట్టకు. తిట్టాల్సినవాడు అదిగో, ఆ కిటికీలో ఉన్నాడు. బాగా కనిపిస్తున్నాడు. వినబడేలా తిట్టు."