తాకట్టులో మగ్గు

నాచారంలో రోడ్డు పక్కన నర్సరీ నడిపే పెద్దాయన కొన్నవాళ్ల మాట నమ్మేవాడు కాదు. మొక్క మొదలును బొటనవేలితో నొక్కి చూసేవాడు. నాకు అమ్మిన ఎడారి గులాబీకి పదిహేను రోజులకోసారి నీళ్లు చాలన్నాడు. అది ఎండిపోతే ఇంకోటి అమ్ముకోవచ్చని ఆయన ఎత్తేమో! నేను రోజూ రెండు మగ్గులు పోశాను.

వాలిపోయిన మొక్కను తీసుకెళ్తే మొదలు నొక్కాడు. వేలు లోపలికి దిగింది.

"మీది గోదావరి దిక్కా సార్?"

"మీకెలా తెలుసు?"

"కుళ్లింది గద."

"చుక్క కూడా పొయ్యలేదండీ."

"గట్లనా? అయితే మీ మగ్గు పట్టుకరాండ్రి. అప్పుడే ఇంకోటిస్త."

ఉప్పల్‌లోని మా ఇంటి నుంచి మగ్గును స్కూటర్ మీద తెచ్చి అప్పగించాను. ఆ వారమంతా నా స్నానం గ్లాసుతోనే.

ఎండాకాలంలో కొత్త మొక్క ఎర్రగా పూసింది. మురిసిపోతూ ఫోటో చూపించాను.

"ఫోటోను నొక్కితే ఏం తెలుస్తది సార్? మొక్క తీస్కరాండ్రి, మగ్గు తీస్కపోండ్రి."

మరుసటి ఆదివారం తీసుకెళ్లాను. స్థలం యజమాని నర్సరీని ఖాళీ చేయించాడట. గేటుకు నా నీలం మగ్గు ఒక్కటే వేలాడుతోంది. మొక్క మొదలు నేనే నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. అయినా నా చేతిమీద నాకు నమ్మకం చాలక, మగ్గును అక్కడే వదిలేసి వచ్చాను.